జపనీస్ నేర్చుకోవడానికి ఇంగ్లీషు మీదుగా వెళ్ళాలా, తెలుగు మీదుగానా?

గుంటూరు గువ్వ
ఫిబ్రవరి 9, రాత్రి 10:15

అందరికీ నమస్కారం. నాది హైదరాబాద్‌లో టెస్టింగ్ ఉద్యోగం, మా ప్రాజెక్టు క్లయింటు జపాన్ వాళ్ళు. డిసెంబరులో సొంతంగా జపనీస్ మొదలుపెట్టాను. ఆఫీసు బస్సులో రోజూ చదువుకుంటూ హిరగాన, కతకాన అనే రెండు అక్షరమాలలూ మూడు వారాల్లో పట్టేశాను. అక్కడిదాకా బాగానే సాగింది. వ్యాకరణంలోకి దిగాక బండి కదలడం లేదు.

నేను చూసే పాఠాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. 'వ' అంటే టాపిక్, 'గ' అంటే సబ్జెక్ట్, 'ఒ' అంటే ఆబ్జెక్ట్ అంటారు. "నాకు పిల్లి ఇష్టం" అనడానికి 'నెకొ గ సుకి దెసు' అట, 'నెకొ ఒ' అంటే తప్పట. ఎందుకో నాలుగు వీడియోలు చూసినా ఎక్కలేదు. ఆ ఇంగ్లీషు వివరణను ముందు తెలుగులో అర్థం చేసుకుని, మళ్ళీ అక్కడి నుంచి జపనీస్‌లోకి వెళ్తున్నాను. ఇది అందరికీ ఇంతేనా? ఇంగ్లీషు మధ్యలో లేకుండా నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? జూలైలో జేఎల్‌పీటీ అనే జపనీస్ పరీక్షలో మొదటి మెట్టు ఎన్5 రాద్దామని ఉంది (పై మెట్టు ఎన్1). కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన ఆ బొమ్మల అక్షరాలు, తలుచుకుంటేనే గుండె జారిపోతోంది, దాని సంగతి కూడా ఎవరైనా చెప్పండి.


ఒసాకాలో ఓరుగల్లు
ఫిబ్రవరి 9, రాత్రి 11:02

చెల్లె, 2019ల ఒసాకా వచ్చిన. నీ లెక్కనే నేను గూడ ఇంగ్లీషు పట్టుకొని ఏడాది తిప్పలు పడ్డ. ఒకరోజు పొద్దుగాల పక్కింటి పిలగాడు బడికి పోతూ గుమ్మంల నిలబడి వాళ్ళమ్మకు "ఇత్తెకిమసు" అన్నడు. 'ఇత్తె' అంటే పోయి, 'కిమసు' అంటే వస్త. పోయొస్త! లోపలికెల్లి వాళ్ళమ్మ "ఇత్తెరష్షై" అన్నది. పోయి రా! మా అమ్మ నన్ను బడికి తోలేటప్పుడు అన్న మాటే. మన ఇండ్లల్ల బయటికి పోయేటప్పుడు "పోతున్న" అనరు గదా, "పోయొస్త" అనాలె. గా మాట ఇంగ్లీషుల అనుకుంటే ఎట్ల అతుకుతది?

ఆ రోజు నుంచి నోట్సు మొత్తం తెలుగుల రాసుకునుడు మొదలువెట్టిన. నువ్వు గూడ గట్లనే చెయ్యి.


వ్యాకరణం మాస్టారు
ఫిబ్రవరి 10, ఉదయం 6:20

అమ్మాయీ, నేను హైస్కూల్లో ముప్ఫై రెండేళ్ళు తెలుగు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మాయి కుటుంబం యోకొహామాలో ఉంటుంది. మనవడు ఫోన్లో సగం జపనీస్‌లోనే మాట్లాడతాడు. వాడి మాట నాకు తెలియాలని అరవై నాలుగో ఏట మొదలుపెట్టాను. ఇప్పుడు ఆరేళ్ళయింది. అందుకని కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

నీ పిల్లి వాక్యంతోనే మొదలుపెడదాం. "నాకు పిల్లి ఇష్టం" అన్నావు. ఇందులో పిల్లి ఏ విభక్తిలో ఉంది? ప్రథమ. 'పిల్లిని' అనలేదు కదా. జపనీస్‌లోనూ అంతే, ఆ ప్రథమ స్థానంలో 'గ' వస్తుంది. "నాకు డబ్బు కావాలి": 'ఒకనె గ హొషీ'. "నాకు కాలు నొప్పి": 'అషి గ ఇతై'. "నాకు జపనీస్ అర్థమవుతుంది": 'నిహొంగొ గ వకరిమసు'. ఇష్టం, కావాలి, వచ్చు, నొప్పి, అర్థమవడం, ఇలాంటివాటిలో మనిషిని 'నాకు' అని పక్కన పెట్టి వస్తువును కర్తగా నిలబెట్టడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇంగ్లీషులో ఇవన్నీ "నేను ఫలానాదాన్ని" అన్న పద్ధతిలో నడుస్తాయి, అందుకే అక్కడ అంత వివరణ అవసరమవుతుంది. నీకు అవసరం లేదు.

ఇక 'వ'. దీనికి తెలుగులో ఒక్క మాటతో సరిపెట్టలేం. 'ఏమో', 'అయితే', 'మాత్రం' ఈ మూడింటి మధ్య తిరుగుతుంది. "నేనేమో టీ, ఆయనేమో కాఫీ" అంటామే, ఆ 'ఏమో' ఉన్నచోట 'వ' కచ్చితంగా పడుతుంది. మరో గుర్తు చెప్తాను. "ఎవరొచ్చారు?" అని అడిగితే "అక్క వచ్చింది" అంటాం, ఇక్కడ 'గ'. "అక్క కనబడదేం?" అంటే "అక్కేమో గుడికెళ్ళింది" అంటాం, ఇక్కడ 'వ'. మొదటిదానిలో అక్క కొత్త సమాచారం. రెండోదానిలో అక్క సంగతి ముందే నడుస్తోంది, గుడి కొత్త సమాచారం. ఎవరు, ఏది, ఎప్పుడు లాంటి ప్రశ్న పదాల వెనక 'వ' రానే రాదు, ఎందుకంటే అడిగేదే తెలియని సంగతి గనుక.

అసలు పండగ 'తె' రూపంలో ఉంది. 'తబెరు' తినడం, 'తబెతె' తిని. మన క్త్వార్థకమే. దాని వెనక ఇంకో క్రియ తగిలిస్తే చూడు:

తబెతె మిరు: తిని చూడు. 'మిరు' అంటే నిజంగానే చూడటం. రుచి చూడమనడానికి రెండు భాషలూ కంటినే వాడుకున్నాయి.
కత్తె ఒకు: కొని పెట్టు, అంటే ముందుగా కొని ఉంచు. 'ఒకు' అంటే పెట్టడం.
తబెతె షిమౌ: తినేయడం. "అయ్యో, మొత్తం తినేశాను" అన్నప్పటి ఆ 'ఏయడం'.
సువత్తె ఇరు: కూర్చుని ఉన్నాడు.

వాక్యాన్ని తీసుకెళ్ళి పేరు ముందు పెట్టడం కూడా అంతే. "నిన్న కొన్న పుస్తకం": 'కినో కత్త హొన్'. మూడు మాటలకు మూడు మాటలు, అదే వరస. "వస్తానని అన్నాడు": 'కురు తొ ఈమషిత', ఆ 'తొ' మన 'అని'. "వస్తాడట": 'కురు సో దెసు'. ఒక్క 'ట' అక్షరంతో "నేను చూడలేదు, ఎవరో చెప్పారు" అని చెప్పగలిగిన మనకు ఆ 'సో దెసు' ఒక పాఠం కాదు, పరిచయమున్న ముఖం.

అలాగని రెండు భాషలూ ఒక కుటుంబానివి అనుకోకు. మాటలు వేరు, పుట్టుక వేరు. వాక్యాన్ని కట్టే తీరు మాత్రం కలిసింది.


గుంటూరు గువ్వ
ఫిబ్రవరి 10, ఉదయం 8:41

మాస్టారూ, బస్సులో చదువుతూ నా స్టాపు దాటిపోయాను. "నాకు కాలు నొప్పి" దగ్గరే అంతా విడిపోయింది. చాలా చాలా థాంక్సండీ.


బెంగళూరు బ్యాక్ఎండ్
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:30

మాస్టారు చెప్పినవాటితో నాకు పేచీ లేదు. కానీ నేను ఎన్2 దాటినవాణ్ణిగా ఒక హెచ్చరిక చేస్తాను. పోలిక బాగున్నచోటే కాలు జారుతుంది.

ఆఫీసులో మేనేజర్ పిలిస్తే మనం "వస్తున్నా సార్" అంటాం. నేను అదే జపనీస్‌లో 'కిమసు' అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. అక్కడ ఎదుటివాడి దగ్గరికి బయలుదేరేటప్పుడు 'ఇమ ఇకిమసు' అనాలి, అంటే 'వెళ్తున్నా'. రావడం ఎప్పుడూ మాట్లాడేవాడి వైపుకే.

రెండోది ఉండటం. తెలుగులో "కుర్చీ ఉంది", "కుక్క ఉంది" రెండూ ఒకటే. జంతువును మనం వస్తువుల పక్కన నిలబెట్టాం. జపనీస్‌లో కుర్చీకి 'అరిమసు', కుక్కకు మాత్రం మనిషికి వాడే 'ఇమసు'. ప్రాణం ఉండి కదిలేదంతా ఒక పక్క. మనవాళ్ళు 'ఇను గ అరిమసు' అనడం నేను ఎన్నిసార్లు విన్నానో.

మూడోది, 'అనత'ని మన 'మీరు' అనుకోవడం. మనకు 'మీరు' గౌరవం కదా అని పెద్దవాళ్ళను 'అనత' అంటే అక్కడ పుల్లవిరుపుగా ఉంటుంది. పేరుకి మన 'గారు' లాంటి 'సన్' చేర్చి పిలవండి, లేదా హోదాతో పిలవండి, లేదా ఆ మాటే వదిలేయండి. వాక్యంలో కర్త లేకపోయినా వాళ్ళకు ఇబ్బంది లేదు. మనకూ లేదు కదా, "తిన్నారా?" అంటే చాలు.

ఇంకో సంగతి. పైస్థాయికి వెళ్ళేకొద్దీ మంచి నిఘంటువులు, వ్యాకరణ వివరణలు ఎక్కువగా ఇంగ్లీషులో దొరుకుతాయి, తెలుగులో దొరకవు. కాబట్టి ఇంగ్లీషును పూర్తిగా పక్కన పెట్టమని మాత్రం నేను చెప్పను.


వ్యాకరణం మాస్టారు
ఫిబ్రవరి 10, సాయంత్రం 5:05

'వస్తున్నా' సంగతి నూటికి నూరు పాళ్ళూ నిజం బాబూ. నేనూ మనవడి దగ్గర అదే తప్పు చేశాను. నోట్సులో తెలుగుతో కలిసినవి ఒక పేజీలో, కలవనివి ఎదురు పేజీలో రాసుకుంటే సరి. నిఘంటువు ఇంగ్లీషులో చూడు, తప్పులేదు. ఆలోచన మాత్రం తెలుగులో సాగనీ.


విశాఖ వెన్నెల
ఫిబ్రవరి 12, రాత్రి 9:18

ఉచ్చారణ గురించి ఎవరూ రాయలేదు. జపనీస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవడం వెంటనే మానేయమని నా సలహా. హిరగాన వచ్చేదాకా కావాలంటే తెలుగులో రాసుకోండి. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మూడూ మన లిపి ఎలా ఉన్నవి అలా పట్టుకుంటుంది. 'ఒబసన్' అంటే పిన్ని వయసావిడ, 'ఒబాసన్' అంటే ముసలావిడ. ఒక్క దీర్ఘం తేడాతో పిన్ని కాస్తా నానమ్మ అయిపోతుంది! 'కితె' అంటే వచ్చి, 'కిత్తె' అంటే తపాలా బిళ్ళ. 'ఒతొ' చప్పుడు, 'ఒత్తొ' భర్త. కల, కల్ల తేడా తెలిసిన చెవులకు ఇది కష్టం కాదు.

కానీ నాకు 'త్సు' పలకడం రావడం లేదు. 'సు' అయిపోతోంది. ఎవరైనా కిటుకు చెప్పగలరా?


వ్యాకరణం మాస్టారు
ఫిబ్రవరి 13, ఉదయం 6:45

అమ్మా వెన్నెలా, 'చుట్టం' అను. ఇప్పుడు 'చిన్న' అను. రెండు 'చ'లూ ఒకటేనా? కావు. చుట్టం, చలి, చాప వీటిలో ఉన్నది దంత్య చకారం, నాలుక కొన పళ్ళ వెనక తగులుతుంది. పాత పుస్తకాల్లో ఆ చకారం మీద చిన్న 2 అంకె వేసి చూపించేవారు. నువ్వు వెతుకుతున్న 'త్సు' అదే, చుట్టంలోని మొదటి అక్షరం. 'చిన్న'లో ఉన్నది తాలవ్యం, జపనీస్ 'చి' అదే. మనకు ఇ, ఎ ముందు తాలవ్యం, అ, ఉ, ఒ ముందు దంత్యం. జపనీస్‌లోనూ త వరుసలో ఇకారం ముందు 'చి', ఉకారం ముందు 'త్సు'. తెలిసిన శబ్దమే, కొత్త అక్షరం చూసి నాలుక తడబడుతోంది, అంతే.

హిరగాన పట్టిక ఒకసారి ఎదురుగా పెట్టుకుని వరుసగా చదువు. అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల నడక వినిపించడం లేదూ? ఆ క్రమానికి మూలం సంస్కృత వర్ణక్రమమే. బౌద్ధంతో పాటు సంస్కృతం రాసే సిద్ధం అనే పాత లిపి జపాను చేరింది, దాన్ని చదివిన అక్కడి పండితులు తమ అక్షరాలను ఆ వరసలో పేర్చుకున్నారు. 'చ' ఉండాల్సినచోట 'స', 'ప' ఉండాల్సినచోట 'హ' ఉండటానికి కారణం, ఆ రోజుల్లో వాటి ఉచ్చారణ వేరుగా ఉండేది. మొదటిసారి ఇది తెలిసినప్పుడు నేను పట్టిక మూయలేకపోయాను.

ఇంకొకటి, వాళ్ళ 'న్' మన నిండుసున్న లాంటిది. తర్వాత వచ్చే హల్లును బట్టి మారుతుంది. 'షింబున్'లో మ్ లాగా, 'రింగొ'లో మన 'అంగడి'లో లాగా. కాని అచ్చు ముందు వచ్చినప్పుడు జాగ్రత్త. 'కినెన్' అంటే స్మారకం, 'కిన్-ఎన్' అంటే పొగతాగరాదు.


ఒసాకాలో ఓరుగల్లు
ఫిబ్రవరి 13, రాత్రి 10:30

మాస్టారు సాబ్, ఒకటి కలుపుత. మనది ప్రతి మాట అచ్చుతో ముగిసే భాష గదా, 'దెసు'ను గూడ చివరి ఉకారం గట్టిగ లాగి పలుకుతం. వాళ్ళు 'దెస్' అని సగంల ఆపుతరు. 'సుకి' అంటే 'స్కి' లెక్క వినవడుతది. గది ఒక్కటి సరిచేసుకుంటే మాట సగం వాళ్ళ తీరు అయితది.


గుంటూరు గువ్వ
మార్చి 2, రాత్రి 9:50

జూలై ఎన్5కి చెన్నై కేంద్రానికి ఫీజు కట్టబోతున్నాను. వ్యాకరణం ఇప్పుడు పరుగెడుతోంది. కాంజీ దగ్గరే ఆగిపోతున్నాను. ఒక్కో బొమ్మకు మూడు నాలుగు ఉచ్చారణలు! నీళ్ళ కాంజీని ఒకచోట 'మిజు' అని, ఒకచోట 'సుయి' అని చదువుతున్నారు. రెండూ బట్టీ పట్టాలా?


నాగోయా నాన్న
మార్చి 3, సాయంత్రం 6:12

అమ్మా, "ఒక గ్లాసు జలం ఇవ్వండి" అని ఎప్పుడైనా అడిగావా? అడగం. నీళ్ళు అంటాం. కానీ జలపాతం, జలాశయం, జలగండం అంటాం. 'నీళ్ళపాతం' అనం. విడిగా ఉన్నప్పుడు అచ్చ తెలుగు మాట, సమాసంలో సంస్కృతం మాట. కాంజీలో జరిగేది కూడా అదే. విడిగా ఉంటే వాళ్ళ సొంత మాట 'మిజు'. ఇంకో కాంజీతో జతకడితే చైనా నుంచి తెచ్చుకున్న ఉచ్చారణ 'సుయి'. కుళాయి నీటి సరఫరా 'సుయిదో'. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అవి మాట మాటకీ తెలుస్తాయి.

నిప్పు 'హి', కొండ 'యమ'. రెండూ కలిస్తే 'కజన్'. అర్థం? అగ్నిపర్వతం. వాళ్ళు పేర్చిన రెండు బొమ్మల్నే మనం రెండు సంస్కృత పదాలుగా పేర్చాం.

వారాల పేర్లు చూడు. నిచి, గెత్సు, క, సుయి, మొకు, కిన్, దొ. సూర్యుడు, చంద్రుడు, ఆపైన నిప్పు, నీరు, చెట్టు, లోహం, మట్టి. ఈ ఐదూ వాళ్ళ లెక్కలో కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని. ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని. మన వరసే. మా అమ్మకు ఫోన్లో చెబితే "అయితే వాళ్ళకీ మంగళవారం కుజుడిదేనా" అని ఎంతో సంతోషపడింది.

కాబట్టి ఒక బొమ్మకు ఉన్న ఉచ్చారణల పట్టిక బట్టీ పట్టకు. మాటలు నేర్చుకో. 'సెన్‌సెయి' గురువు, 'గకుసెయి' విద్యార్థి, 'నమ బీరు' తాజా బీరు, 'ఉమరెరు' పుట్టడం. నాలుగింటిలోనూ ఉన్నది ఒకే కాంజీ. ఈ నాలుగు మాటలూ వస్తే పుట్టుక, జీవితం, పచ్చిదనం అన్నీ మోసే ఆ ఒక్క కాంజీ నీకు దానంతట అదే వచ్చేస్తుంది.

మా బాబు ఇక్కడ ఒకటో తరగతి. ఆ ఏడాది వాళ్ళకు 80 కాంజీలు, ఆరో తరగతి అయ్యేసరికి మొత్తం 1026. పెద్దవాళ్ళ నిత్యవాడుక పట్టికలో 2136. పుట్టినప్పటి నుంచి ఆ భాషలోనే బతికే పిల్లలకే అంత సమయం ఇస్తున్నారు. వాడు రాత్రి గళ్ళ పుస్తకంలో 'చెట్టు' కాంజీ రాస్తుంటే పక్కనే కూర్చుని నేనూ రాస్తాను. ఒక చెట్టు, రెండు చెట్లు పక్కపక్కన పెడితే తోపు, మూడు పెడితే అడవి. చెట్టు పక్కన మనిషిని నిలబెడితే విశ్రాంతి. వాడు ఒకరోజు "నాన్నా, ఆ మనిషి ఎండలో నడిచొచ్చాడా?" అని అడిగాడు. ఆ కాంజీ ఇక నేను మరిచిపోను.


బెంగళూరు బ్యాక్ఎండ్
మార్చి 3, రాత్రి 8:40

చేత్తో రాయడం మీద మాత్రం నా అభిప్రాయం వేరు. జేఎల్‌పీటీ మొత్తం బబుల్స్ నింపడమే, చేత్తో రాసేది ఏమీ లేదు, మాట్లాడేది కూడా లేదు. ఆఫీసులో టైపింగే. నేను ఆంకీ అనే ఫ్లాష్‌కార్డుల యాప్‌లో రోజుకు పది కొత్త మాటలు పెట్టుకుని చదివాను. మొదట్లో రోజుకు ముప్ఫై పెట్టుకుంటే నెల తిరిగేసరికి పాతవి మళ్ళీ చూడటానికే గంటన్నర పట్టింది, మొత్తం వదిలేశాను. పది అంటే పదే. పండగ రోజు కూడా.


నాగోయా నాన్న
మార్చి 3, రాత్రి 9:25

పరీక్షకు అవసరం లేదు, నిజమే. కానీ ఇక్కడికొచ్చాక వార్డు ఆఫీసులో చిరునామా, పిల్లల బడి కాగితాలు చేత్తో నింపాలి. మొదటి రెండు వందలైనా గీతల వరస తెలిసేలా రాస్తే, తర్వాత వచ్చే పెద్ద కాంజీలు కంటికి ముక్కలుగా విడిపోతాయి. ఆ తర్వాత చదివితే చాలు.


కరీంనగర్ కైగో
మార్చి 8, రాత్రి 11:55

నేను జీఎన్ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా చదివిన. కోబెల వృద్ధాశ్రమంల కైగో పని చేస్త, అంటే పెద్దోళ్ళ సంరక్షణ. ఇక్కడ అందరు ఆఫీసు జపనీస్ గురించి రాస్తున్నరు, నాది వేరే.

మా అమ్మమ్మలు పుస్తకం భాష మాట్లాడరు. ఒక రాత్రి డ్యూటీల తొంభై దాటిన అమ్మమ్మ బెల్లు కొట్టింది. పోతే "షిందొఇ" అన్నది. నేను చదివిన ఏ పాఠంల ఆ మాట లేదు. ముఖం చూస్తే అర్థమైంది, పానం బాగలేదు, అలసటగ ఉన్నది అని. ఒసాకా, కోబె ఉన్న ఈ కాన్సాయ్ దిక్కు మాట అది. తర్వాత మోకాలు మీద చెయ్యి పెట్టి "జుకిజుకి" అన్నది. గప్పుడు నేను ఆలోచించనే లేదు, సలుపుతుంది అని చప్పున తెలిసింది. 'చికుచికు' అంటే సూదులు గుచ్చినట్టు చురుక్కుచురుక్కు. 'హిరిహిరి' అంటే చర్మం చుర్రుమని మండుడు. 'ముకముక' అంటే కడుపుల తిప్పుడు. 'గంగన్' అంటే తలల సుత్తెతోని కొట్టినట్టు. గిలగిల, భగభగ, జివ్వుజివ్వు అనుకుంట పెరిగినోళ్ళం, మనకు చెవులకెల్లే ఎక్కుతయి. ఇసుంటి మాటలు వంద నేర్చుకొని రాండ్రి. నొప్పి ఎట్లుందో తెల్వకపోతే నర్సుకు ఏం చెప్తం?

పరీక్షల సంగతి. 2019ల మొదలైన 'తొకుతెయి గినో', అంటే నైపుణ్యం ఉన్న పనోళ్ళ వీసాకు, చాన పనులకు భాష కింద ఎన్4 గాని, జేఎఫ్‌టీ బేసిక్ అనే ఇంకో జపనీస్ పరీక్ష గాని ఉంటే చాలు. జేఎఫ్‌టీ కంప్యూటర్ మీద రాసేది, 250కి 200 రావాలె. దానికి తోడు పని పరీక్ష ఉంటది, కైగోకైతే కైగో జపనీస్ పరీక్ష గూడ ఉంటది.


సిరిసిల్ల తమ్ముడు
మార్చి 9, ఉదయం 7:10

అక్కా, ఇక్కడ ఒకాయన నాలుగు లక్షలు కడితే భాష, వీసా, ఉద్యోగం అన్నీ తనే చూసుకుంటనంటున్నడు. ఆరు నెలల్ల పోవచ్చట. కట్టమంటవా?


కరీంనగర్ కైగో
మార్చి 9, రాత్రి 11:40

కట్టకు తమ్మీ. నేను ఒకసారి గిట్లనే అడ్వాన్సు కట్టి పోగొట్టుకున్న, మా నాయిన మొక్కజొన్న అమ్మిన పైసలు అవి. విదేశాలకు పంపే ఏజెంటు ఎవరైనా కేంద్ర ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలె. ఆ సర్కారోళ్ళ ఈ-మైగ్రేట్ సైటుల పేరు కొట్టి చూడు. సేవా రుసుం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకునుడు రూల్సుకు విరుద్ధం. విదేశాల ఉద్యోగాలకు పంపే మన రాష్ట్ర సర్కారు సంస్థనే టామ్‌కామ్ ఉన్నది, ముందుగాల గక్కడ అడుగు. భాష నేర్చుకునేటందుకు గూడ అన్ని పైసలు అక్కర్లేదు. జపాన్ ఫౌండేషన్ వాళ్ళ 'ఇరొదొరి' పాఠ్యపుస్తకం, ఆడియోతో సహా నెట్‌ల ఉచితంగ దొరుకుతది. జపాన్‌ల పనిచేసుకొని బతికెటోళ్ళ కోసమే తయారుచేసిన పుస్తకం అది. ఇయ్యాల్నే దించుకో.


విశాఖ వెన్నెల
మార్చి 11, రాత్రి 8:02

ఎన్3 రాసేవాళ్ళకి ఒక మాట. నాకు మొత్తం 100 వచ్చాయి, పాస్ మార్కు 95. అయినా తప్పాను. పదాలు, వ్యాకరణం 44, చదవడం 39, వినడం 17. ఒక్కో విభాగంలో 60కి కనీసం 19 రావాలి. రెండు మార్కుల దగ్గర ఆరు నెలలు పోయాయి. ఫలితం తెరిచిన రాత్రి అన్నం తినలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తెలిసింది. నేను రోజూ చదివాను, వినలేదు. పరీక్షలో ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. ఇప్పుడు రోజూ నాలుగు నిమిషాల ఆడియో ఒకటే తీసుకుంటున్నాను. ముందు ఊరికే వింటాను, తర్వాత విన్నది విన్నట్టు హిరగానలో రాస్తాను, తర్వాత పాఠం తెరిచి నేను రాసినదానితో పోలుస్తాను. మొదటి వారం సగం ఖాళీలే. ఎక్కువగా జారిపోయేవి చిన్న మాటలే, 'ని', 'దె', 'మొ'. అర్థమంతా వాటిలోనే ఉంటుంది.


ఒసాకాలో ఓరుగల్లు
మార్చి 11, రాత్రి 10:15

చెల్లె, మస్తు మంచి పద్ధతి. ధైర్యం ఇడువకు, ఈసారి వస్తది.


నాగోయా నాన్న
మార్చి 15, రాత్రి 9:00

ఉద్యోగానికి వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఏ పరీక్షలోనూ నాకు ఇంత గట్టిగా తగల్లేదు.

చేరిన మూడో నెల. బయటి కంపెనీ నుంచి ఫోన్, మా సెక్షన్ చీఫ్ గారి కోసం. ఆయన సీట్లో లేరు. నేను ఎంతో మర్యాదగా ఆయన పేరుకి 'సన్' తగిలించి, 'ఇమ ఇరష్షైమసెన్' అన్నాను. "గారు ఇప్పుడు లేరండీ" అని. ఫోన్ పెట్టాక పక్క సీటు ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, చిన్న కాగితం మీద రాసి ఇచ్చింది. పేరు పక్కన 'సన్' కొట్టేసి ఉంది. 'ఇరష్షైమసెన్' కొట్టేసి 'ఒరిమసెన్' అని ఉంది. బయటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మన కంపెనీ మనిషి, ఎంత పెద్దవాడైనా, మన ఇంటివాడే. మన ఇంటివాణ్ణి తగ్గించి చెప్పాలి. ఆయన ముందు మాత్రం 'సన్' తప్పనిసరి.

మనకు ఇది ఎంత కష్టమో చూడండి. "మా నాన్నగారు వచ్చారు" అని పరాయివాళ్ళతో చెప్పడం మనకు పెంపకం. "నాన్న వచ్చాడు" అంటే కొన్ని ఇళ్ళలో మందలిస్తారు. అక్కడ ఎదుటివాళ్ళ నాన్న 'ఒతోసన్', మన నాన్న 'చిచి'. వాళ్ళ అమ్మ 'ఒకాసన్', మన అమ్మ 'హహ'. నాన్నను 'చిచి' అని చెప్పేటప్పుడు మొదట్లో నాకు నోరు రాలేదు, ఏదో తప్పు చేస్తున్నట్టుండేది. అది నాన్నను తగ్గించడం కాదు, నాన్నను నాలో కలుపుకుని ఎదుటివాడి ముందు ఇద్దరం కలిసి తలవంచడం. అలా అనుకున్నాక తేలికైంది.

అంకెలూ అభ్యాసం చేయండి. మన లక్ష వాళ్ళకు పది 'మన్', కోటి వెయ్యి 'మన్', పది కోట్లయితే ఒక 'ఒకు'. మీటింగులో బడ్జెట్ చెబుతున్నప్పుడు మనసులో లెక్కపెట్టుకునే సమయం ఇవ్వరు.


వ్యాకరణం మాస్టారు
మార్చి 16, ఉదయం 6:30

నాన్నగారి గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా మనవడు తన స్నేహితుడితో నా గురించి 'సొఫు' అన్నాడు, నాతో మాత్రం 'ఒజీచన్' అంటాడు. ఎందుకలా మారుస్తాడో ఈవేళ తెలిసింది.


గుంటూరు గువ్వ
ఆగస్టు 28, రాత్రి 10:05

ఇన్నాళ్ళు చదువుతూనే ఉన్నాను, రాయడం కుదరలేదు. ఎన్5 పాసయ్యాను. 180కి 131, అందులో వినడం 41. వెన్నెలక్క చెప్పినట్టు వినడం, రాయడం రోజూ చేశాను.

ఇవాళ రాస్తున్నది మాత్రం దాని గురించి కాదు. క్లయింటు వైపు నుంచి ఇద్దరు హైదరాబాద్ వచ్చారు. మధ్యాహ్నం అందరం డబ్బాలు తెరిచాం. నాది పులిహోర. వాళ్ళలో పెద్దాయన నా డబ్బా వైపు చూస్తున్నారు. నేను మూతలో కొంచెం పెట్టి ఇచ్చాను. "తబెతె మితె కుదసై." మాస్టారూ, తిని చూడండి అని తెలుగులోనే వచ్చింది నాకు, నోట్లో జపనీస్‌గా మారింది అంతే. ఆయన తిని, కళ్ళు కొంచెం మూసి "సుప్పై" అన్నారు, పుల్లగా ఉంది అని. వెంటనే "ఒఇషీ" అని ఇంకాస్త అడిగారు. మీరే చేశారా అంటే, "ఈఎ, హహ గ త్సుకురిమషిత" అన్నాను. మా అమ్మగారు అనబోయి 'హహ' అన్నాను. ఆయన ఒక్క క్షణం చెంచా ఆపి, అమ్మకు థాంక్స్ చెప్పమన్నారు. సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

పులుపు దేనివల్ల అని అడిగితే చింతపండు మాట రాలేదు. తర్వాత చూస్తే 'తమరిందొ' అట. అది సరే గానీ, పోపుని ఏమంటారో ఎవరికైనా తెలుసా? నూనెలో ఆవాలు చిటపటలాడటాన్ని చేతులతో చూపించాను, ఆయన ఏదో మాట అన్నారు, 'పచిపచి' అని వినిపించింది. సరిగ్గానే విన్నానా?


కరీంనగర్ కైగో
ఆగస్టు 28, రాత్రి 11:50

సరిగ్గనే విన్నవు చెల్లె. నిప్పుల కట్టెలు చిటచిటలాడినా, నూనెల గింజలు పేలినా 'పచిపచి'నే.